కంట్రీ మ్యూజిక్ వినడం మొదలుపెడదాం: అరుగు మీద నుంచి స్టేడియం దాకా

నమస్కారమండి. ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను, తర్వాత మాట్లాడుకుందాం. ఇదిగో, పది రూపాయల నోటు. దీన్ని పొడుగ్గా మడిచి గిటార్ తీగల మధ్య, ఒక తీగ పైనుంచి, ఇంకో తీగ కిందనుంచి, చాప అల్లినట్టు దూరుస్తున్నాను. ఇప్పుడు వినండి.

(నోటు పెట్టిన గిటార్‌తో పది సెకన్లు వాయించాలి)

తీగల మోగుడు తగ్గిపోయి, బరబరమని ఒక చిన్న శబ్దం తోడైంది కదా. వెనకాల ఎవరో డ్రమ్ మీద బ్రష్‌తో మెల్లగా వేస్తున్నట్టు ఉంది. జానీ క్యాష్ 1956లో ‘ఐ వాక్ ది లైన్’ పాటకి తీగల మధ్య కాగితం పెట్టి రాబట్టింది ఈ శబ్దమే. అప్పుడు ఆయన వెంట ఉన్నది ఇద్దరే. ఒకరు గిటార్, ఒకరు బేస్. డ్రమ్ వాయించే మనిషి లేడు, కానీ పాటకి నడక కావాలి. ఆ కాగితం వల్లే ఆ పాట రైలు సాగిపోతున్నట్టు వినిపిస్తుంది.

దీంతో ఎందుకు మొదలుపెట్టానంటే, కంట్రీ మ్యూజిక్ గురించి వెతికితే ముందు పేర్ల జాబితా వచ్చి మీద పడుతుంది. బ్లూగ్రాస్, హాంకీ టాంక్, వెస్టర్న్ స్వింగ్, నాష్‌విల్ సౌండ్, బేకర్స్‌ఫీల్డ్, అవుట్‌లా, ఇంకా బోలెడు. కొత్తగా వినేవాళ్లకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. పేర్లు బట్టీ పట్టకండి. ఏ పాట విన్నా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని ఎక్కడ కూర్చుని, ఎవరికి వినిపించడానికి పాడారు? అరుగు మీద ఇంట్లోవాళ్ల కోసమా? రేడియో మైకు ముందా? తాగుతూ గోల చేసే జనం మధ్యనా? నాకు ఈ సంగీతం అర్థమైంది ఆ ప్రశ్నతోనే.

సరే, అరుగు దగ్గర మొదలుపెడదాం. అమెరికా తూర్పు వైపు అపలాచియన్ కొండలు ఉన్నాయి. స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు ఫిడేలు తెచ్చుకున్నారు. అవును, మనవాళ్లు ఫిడేలు అనే వయొలిన్ ఏదో అదే ఇది. వాయిద్యంలో తేడా లేదు, వాయించే తీరులోనే ఉంది.

బ్యాంజో సంగతి వేరు. మన దగ్గర మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్‌ని కూడా కొందరు బ్యాంజో అంటారు, ఇది అది కాదు. డప్పుకి బిగించినట్టు గుండ్రటి చట్రానికి తోలు బిగించి, దానికి కర్ర తగిలించి, తీగలు కడతారు. ఈ ఆలోచన పశ్చిమ ఆఫ్రికాది. బానిసలుగా అమెరికాకి పట్టుకొచ్చిన మనుషులతో పాటు వచ్చింది. మామూలు అయిదు తీగల బ్యాంజోలో ఒక తీగ పొట్టిగా ఉంటుంది. దాన్ని వేళ్లతో అదమరు, బొటనవేలితో మాటిమాటికీ మీటుతూ ఉంటారు. తంబురా శ్రుతి పట్టుకున్నట్టు అది అలా పలుకుతూనే ఉంటుంది. కంట్రీ తెల్లవాళ్ల సంగీతం అని ఎవరైనా అంటే నాకు మనసు కష్టపడుతుంది. ఆ వాయిద్యమే నల్లజాతి మనుషుల చేతుల్లో పుట్టింది.

1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే ఆయన విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున బ్రిస్టల్ ఊరికి వచ్చాడు. ఆ ఊరి మెయిన్ రోడ్డుకి ఒక పక్క టెనెసీ రాష్ట్రం, ఇంకో పక్క వర్జీనియా. అంతకుముందు టోపీల కంపెనీ ఉన్న భవనంలో యంత్రాలు పెట్టి, చుట్టుపక్కల పాడేవాళ్లని పిలిచాడు. ఆగస్టు 1న కార్టర్ కుటుంబం వచ్చింది. ఏ.పి. కార్టర్, భార్య సారా, ఆమె చెల్లెలి వరస మేబెల్. మేబెల్‌కి అప్పుడు 18 ఏళ్లు, నిండు గర్భిణి. రెండు రోజుల్లో ఆరు పాటలు రికార్డు చేశారు. ఆగస్టు 4న జిమ్మీ రోజర్స్ వచ్చాడు. రైళ్లలో బ్రేక్‌మన్ ఉద్యోగం చేసినవాడు, క్షయ రోగి. గొంతుని కింది నుంచి ఒక్కసారిగా పైకి విరిచి పాడే యోడెల్‌ని నల్లజాతివాళ్ల బ్లూస్ పాటలతో కలిపి పాడటం ఆయన ముద్ర. ఇంకో ఆరేళ్లే బతికాడు. కంట్రీ చరిత్రని చాలామంది ఆ వారం నుంచే లెక్కపెడతారు.

మేబెల్ చేసిన పని మాత్రం దగ్గరగా చూడాలి. కెమెరా నా కుడి చేతి మీదకి తెస్తున్నాను.

(కుడి చేయి దగ్గరగా కనిపించాలి)

అప్పట్లో గిటార్ అంటే వెనకాల తాళానికి తోడుగా ఉండే వాయిద్యం. ఈమె ఏం చేసిందంటే, చూడండి, బొటనవేలితో ఈ మూడు లావు తీగల మీద పాట వరస పలికించింది. అదే సమయంలో చూపుడు వేలితో సన్న తీగలని ఇలా గీరుతూ తాళం వేసింది. బొటనవేలు పాడుతోంది, చూపుడు వేలు తాళం వేస్తోంది. ఒక్క గిటార్‌లో ఇద్దరు మనుషులు. దీన్ని కార్టర్ స్క్రాచ్ అంటారు. 1928లో రికార్డు చేసిన ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ పెట్టుకుని వినండి, స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత గిటార్ పట్టిన ఎంతమంది ఈ పద్ధతిలో వేళ్లు కదిపారో లెక్కలేదు.

ఏ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్లు తిరిగేటప్పుడు ఆయనతో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్లేవాడు. ఏ.పి. సాహిత్యం రాసుకుంటే, రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. కానీ రికార్డుల మీద ఆయన పేరు లేదు. కంపెనీలు తెల్లవాళ్లవి హిల్‌బిల్లీ రికార్డులని, నల్లవాళ్లవి రేస్ రికార్డులని విడివిడిగా అమ్మేవి. అరుగు మీద కలిసి ఉన్న పాటని దుకాణంలో రెండు ముక్కలు చేశారు. హిల్‌బిల్లీ అనేది కొండ ప్రాంతాలవాళ్లని చిన్నచూపు చూసే మాట కూడా. ఏ పాట ఎంత ఆడుతోందో జాబితాలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక 1949లో ఈ పాటల జాబితా పేరుని ‘కంట్రీ అండ్ వెస్టర్న్’ అని మార్చింది. అందులో వెస్టర్న్ అంటే కౌబాయ్ సినిమాల్లో జీన్ ఆట్రీలాంటివాళ్లు పాడినవీ, టెక్సస్, ఓక్లహోమా డాన్స్ హాళ్లలో బాబ్ విల్స్ బృందం వాయించినవీ. ఫిడేలుకి జాజ్ ఊపు తోడైతే వెస్టర్న్ స్వింగ్. హాలు నిండా జనం అడుగులు వేయాలి కాబట్టి డ్రమ్స్ కూడా ఉంటాయి.

తర్వాత రేడియో. టెనెసీలోని నాష్‌విల్ నగరంలో 1925 నవంబర్ 28న డబ్ల్యూ.ఎస్.ఎం. స్టేషన్ మొదలుపెట్టిన కార్యక్రమమే తర్వాత గ్రాండ్ ఓల్ ఆప్రీ అయింది. ఇప్పటికీ నడుస్తోంది. తొలి రోజుల్లో అందులో పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లలో డీఫర్డ్ బెయిలీ ఒకరు. నల్లజాతి హార్మోనికా కళాకారుడు. మౌత్ ఆర్గన్‌తో రైలు దూరం నుంచి వచ్చి వెళ్లిపోవడం అంతా వినిపించేవాడు.

ఆ వేదిక మీదే బ్లూగ్రాస్ రూపు కట్టింది. వినగానే ఇది వందల ఏళ్ల నాటి సంగీతం అనిపిస్తుంది, కానీ దీని వయసు తక్కువే. కెంటకీకి చెందిన బిల్ మన్రో మాండొలిన్ పట్టుకుని బ్లూ గ్రాస్ బాయ్స్ అనే బృందం నడిపేవాడు. 1945 డిసెంబర్‌లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు బ్యాంజోతో చేరాడు. మూడు వేళ్లతో, జల్లు కురిసినట్టు, ఆగకుండా వాయించాడు. దాంతో ఆ శబ్దం పూర్తయింది. కరెంటు వాయిద్యాలు లేవు, డ్రమ్స్ లేవు. అందరికీ ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్లు మైకు దగ్గరకి జరుగుతారు, అయ్యాక వెనక్కి తప్పుకుంటారు. పాత వీడియోలు చూస్తే మనుషులు ఒకళ్లకొకళ్లు తగలకుండా మెలిగే ఆ తీరు నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇక బార్లు. 1933లో అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక టెక్సస్ చమురు ఊళ్లలో, దక్షిణాదిలో చవక బార్లు వెలిశాయి. వాటినే హాంకీ టాంక్ అనేవాళ్లు. లోపల గోల. అరుగు మీద వాయించే గిటార్ అక్కడ ఎవరికి వినబడుతుంది? అందుకే గిటార్‌కి కరెంటు వచ్చింది. ఎర్నెస్ట్ టబ్ 1941 పాట ‘వాకింగ్ ది ఫ్లోర్ ఓవర్ యూ’ వింటే ఆ మార్పు తెలుస్తుంది. పాటల విషయమూ మారింది. అమ్మ, ఇల్లు, దేవుడు అని పాడినవాళ్లు తాగుడు, విడాకులు, ఒంటరితనం గురించి పాడటం మొదలుపెట్టారు. పల్లె వదిలి పనికోసం వచ్చినవాళ్ల బతుకులో ఉన్నవి అవే మరి.

ఈ మొత్తం వీడియోలో ఒక్క పాటే వినే ఓపిక ఉంటే హ్యాంక్ విలియమ్స్ 1949లో పాడిన ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ వినండి. హ్యాంక్‌కి చిన్నప్పుడు అలబామాలో వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్ అనే నల్లజాతి ఆయన సంగీతం నేర్పాడు. ఆ పాటలో వెనకాల ఏడుస్తున్నట్టు సాగేది స్టీల్ గిటార్. హవాయి దీవుల నుంచి వచ్చిన పద్ధతి. గిటార్‌ని పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతారు. మన సంగీతంలో జారు అంటామే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా పోవడం, అచ్చంగా అదే. హ్యాంక్ 1953 జనవరి 1న, కచేరీకి వెళ్తూ, కారు వెనక సీట్లో చనిపోయాడు. 29 ఏళ్లు.

మగవాళ్లు ఇలా బార్లలో బాధ పాడుకుంటూ తప్పంతా ఆడవాళ్ల మీదకి తోస్తుంటే, 1952లో కిట్టీ వెల్స్ ఒక పాటతో జవాబు చెప్పింది. మగవాళ్లు మోసం చేస్తేనే కదా ఆడవాళ్లు అక్కడికి చేరేది అని. కొన్ని చోట్ల ఆ పాటని రానివ్వలేదు. అయినా బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఒంటరిగా పాడిన మహిళకి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. గని కార్మికుడి కూతురు లొరెట్టా లిన్, పన్నెండు మంది పిల్లల ఇంట్లో పుట్టిన డాలీ పార్టన్ ఆ దారినే వచ్చారు. డాలీ ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ వినండి. అమ్మ గుడ్డపీలికలతో కుట్టిన కోటు కథ. బొంత కప్పుకుని పెరిగినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

1950ల చివర రాక్ అండ్ రోల్ ధాటికి కంట్రీ రికార్డుల అమ్మకాలు పడిపోయాయి. నాష్‌విల్‌లో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటివాళ్లు పల్లె తీరు ఫిడేలు, స్టీల్ గిటార్ తగ్గించి, ఆర్కెస్ట్రాలోలా వయొలిన్ల గుంపు, మెత్తటి కోరస్ పెట్టారు. అదే నాష్‌విల్ సౌండ్. ఇది స్టూడియోలో పుట్టిన పాట. మీ ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసిన కంట్రీ గొంతు ఏదైనా ఉంటే అది చాలావరకు జిమ్ రీవ్స్‌ది అయి ఉంటుంది. మన దేశంలో ఆయనకి అంత అభిమానులున్నారు. నేను మొదట విన్నదీ ఆయన్నే, టేప్ రికార్డర్‌లో. మైకుకి పెదవులు ఆనించి చెవిలో చెబుతున్నట్టు పాడేవాడు.

ఇక్కడ ఒక చిన్న ప్రయోగం. ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన ‘క్రేజీ’ వినండి. పియానో, వెనకాల కోరస్, అంతా పట్టులా ఉంటుంది. రాసింది విల్లీ నెల్సన్, అప్పట్లో నాష్‌విల్‌లో అవకాశాల కోసం తిరుగుతున్నవాడు. ఆయనే తర్వాత ఆ ఊరు వదిలి టెక్సస్‌లోని ఆస్టిన్ చేరి, జుట్టు పెంచి, 1975లో ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ ఆల్బమ్ చేశాడు. అందులో ఎంత తక్కువ వాయిద్యాలంటే, కంపెనీవాళ్లు ఇది నమూనా రికార్డింగేమో అనుకున్నారు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే నాష్‌విల్ సౌండ్ ఏంటో, అవుట్‌లా కంట్రీ ఏంటో మీ చెవే చెబుతుంది. అవుట్‌లా అంటే తుపాకులు కాదండి. నా పాట ఎలా ఉండాలో నేనే నిర్ణయిస్తాను అన్నవాళ్లు.

అదే సమయానికి కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ ఊరు ఇంకో దారి పట్టింది. 1930ల కరువుకి, దుమ్ము తుపాన్లకి టెక్సస్, ఓక్లహోమా లాంటి చోట్లు వదిలి వలసపోయినవాళ్ల పిల్లలు బక్ ఓవెన్స్, మెర్ల్ హాగర్డ్ తరం. గిటార్ గరుగ్గా, కోసినట్టు ఉంటుంది. వలసల బాధ తెలిసినవాళ్లం కాబట్టి హాగర్డ్ మనకి తొందరగా పడతాడు.

ఆ తర్వాతవి తొందరగా చెబుతాను. 90ల్లో గార్త్ బ్రూక్స్, షనాయా ట్వైన్ కంట్రీని స్టేడియాలకి తీసుకెళ్లారు. అంత దూరం వినబడాలంటే రాక్ డ్రమ్స్ కావాలి, వచ్చాయి. దానికి ఎదురుగా చిన్న క్లబ్బుల్లో, ఆ హంగులు వద్దనుకున్నవాళ్ల ఆల్ట్ కంట్రీ. 2012 తర్వాత ట్రక్కులు, బీర్లు అని పాడే బ్రో కంట్రీ. నాకు ఇది పెద్దగా నచ్చదు. ఎదుటి మనిషి బాధ అందులో నాకు దొరకలేదు. గట్టి గొంతు కావాలంటే క్రిస్ స్టేపుల్టన్ 2015 ఆల్బమ్ ‘ట్రావెలర్’ పెట్టుకోండి.

ఏది కంట్రీ, ఏది కాదు అన్న గొడవ మాత్రం ఆగలేదు. 2019లో లిల్ నాస్ ఎక్స్ అనే నల్లజాతి రాపర్ పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’ని బిల్‌బోర్డ్ తన కంట్రీ జాబితా నుంచి తీసేసింది. అదే పాట అన్ని రకాల పాటల జాబితాలో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. 2024లో బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’ తెచ్చింది. 1969లో ఆప్రీ వేదిక మీద ఒంటరిగా పాడిన మొదటి నల్లజాతి మహిళ లిండా మార్టెల్ గొంతు అందులో ఉంది. ‘టెక్సస్ హోల్డెమ్’ పాట మొదట్లో వినిపించే బ్యాంజో రియానన్ గిడెన్స్‌ది. ఆమె ఏళ్లుగా ఆ వాయిద్యం ఆఫ్రికా మూలాల గురించి చెబుతూ వస్తున్న కళాకారిణి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పది సెకన్లు మళ్లీ వినండి.

గిటార్ ఉన్నవాళ్లు ఉండండి, కలిసి వాయిద్దాం. జి, సి, డి, మూడు కార్డ్స్ వస్తే చాలు. నోటు మడిచి తీగల మధ్య పెట్టుకోండి, బ్రిడ్జ్‌కి మరీ దగ్గరగా కాదు, కొంచెం ఇవతలగా. బొటనవేలితో లావు తీగ మీటి, చూపుడు వేలితో సన్న తీగలు గీరండి. తొందర వద్దు. జి దగ్గర మొదలుపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు...

(వాయిస్తూ ఉండగా వీడియో ముగుస్తుంది)