తూపిలిపాలెం ఇసుకలో పాత నాణేల వేట: ఈ మెటల్ డిటెక్టరుతో నా రెండు నెలలు

నమస్కారం. తెరపై మీరు చూస్తున్న ఈ మెటల్ డిటెక్టరు నా చేతికి వచ్చినప్పుడు నేను డబ్బు పెట్టి కొన్నది కాదు. అమ్మకందారు దీన్ని రెండు నెలలు వాడి చూడమని తిరుపతిలోని మా ఇంటికి ఉచితంగా పంపించారు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వారు షరతులు పెట్టలేదు. దీని బరువు, బ్యాటరీ, కాయిల్ (నేల మీద ఆడించే తీగచుట్ట చక్రం) కొలత వంటి వివరాలను మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసి ఉంటారు కాబట్టి, సముద్రపు ఒడ్డున మన నాణేలను ఇది ఎలా గుర్తిస్తుందన్న ఒక్క సంగతి గురించే ఈ రోజు మాట్లాడతాను.

నాలుగేళ్ల కిందట నేను మొదటిసారి కొన్న డిటెక్టరు ఒకే ఫ్రీక్వెన్సీతో, అంటే ఒకే కంపన వేగం ఉన్న సంకేతంతో పనిచేసేది. స్వర్ణముఖి ఏటి ఎండు ఇసుకలో అది నాకు ఎంతో నమ్మకంగా పనిచేసింది. ఆ నమ్మకంతోనే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా తూపిలిపాలెం తీరానికి తీసుకువెళ్తే, అల తాకిన తడి ఇసుక మీద కాయిల్ ఆనించగానే ఆగకుండా అరవడం మొదలుపెట్టింది. కారణం ఉప్పునీరే. ఉప్పు కలిసిన నీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, డిటెక్టరుకు తడి ఇసుక మొత్తం ఒక పలుచని లోహపు రేకులా వినిపిస్తుంది. దానికితోడు మన తూర్పు తీరపు ఇసుకలో ఇల్మెనైట్, మాగ్నెటైట్ వంటి బరువైన ఖనిజాల నల్లటి చారలు ఉంటాయి. అవి యంత్రాన్ని మరో విధంగా తికమక పెడతాయి. ఆ రోజు సున్నితత్వాన్ని సగానికి పైగా తగ్గిస్తే తప్ప ఆ యంత్రం నోరు మూయలేదు. అంతగా తగ్గించాక బెత్తెడు లోతులో ఉన్న రూపాయి బిళ్లను కూడా అది పట్టలేకపోయింది.

ఈ కొత్త యంత్రం ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలను పంపి, తిరిగి వచ్చే సంకేతాలను పోల్చి, ఉప్పు వల్ల వచ్చే భాగాన్ని తీసివేస్తుంది. బీచ్ మోడ్‌లో పెట్టి, కాయిల్‌ను ఇసుకకు దగ్గరగా నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేసిన తరువాత, అంటే ఆ నేల నుంచి వచ్చే సంకేతాన్ని పట్టించుకోకుండా యంత్రాన్ని సరిచేసిన తరువాత, మోకాలి లోతు నీళ్లు వచ్చి వెళ్లే చోట కూడా ఇది నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఆ నిశ్శబ్దం విన్న క్షణంలో నాకు కలిగిన ఆనందాన్ని మాటల్లో చెప్పలేను, ఎందుకంటే నాలుగేళ్లుగా నేను కోరుకున్నది అదే. జానెడు లోతులో పాతిపెట్టిన ఐదు రూపాయల పాత మందపాటి బిళ్లను తడి ఇసుకలో పదికి పదిసార్లూ ఇది పట్టింది.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయానికి వస్తాను. ఈ యంత్రం తెర మీద దొరికిన వస్తువుకు ఒక సంఖ్య కనిపిస్తుంది; ఆ సంఖ్యల పక్కన నాణేల బొమ్మలు ముద్రించి ఉంటాయి. ఆ బొమ్మలన్నీ అమెరికా నాణేలవి. మన దేశంలో అమ్మే యంత్రం మీద మన రూపాయికి, పావలాకు చోటు లేకపోవడం నాకు అన్యాయంగా అనిపించింది. ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, నాణేలు చేజారిపోవడానికి అసలు కారణం కూడా ఇదే. మన నాణేలను లెక్కలోకి తీసుకోకుండా, యంత్రం కొన్నప్పుడు ఉండే అమరికలో ఇనుమును వినిపించకుండా చేసే ఏర్పాటు ఉంటుంది. తుప్పు పట్టిన మేకులు, సీసా మూతలు వద్దనుకునేవారికి అది ఉపయోగమే. కానీ 1988 నుంచి వచ్చిన ఖడ్గమృగం బొమ్మ పావలా, 1992 నుంచి వచ్చిన చిన్న రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలుతో తయారైనవి. వాటిని ఈ యంత్రం ఒకసారి ఇనుముగా, మరోసారి వెండిలాంటి మంచి లోహంగా చూపించింది. ఇనుము వద్దన్న అమరికలో అయితే చాలాసార్లు అసలు పలకనే లేదు.

అందుకని మా అవ్వ దాచిపెట్టిన చిల్లర డబ్బాను దించి, అందులోని నాణేలను ఒక్కొక్కటిగా మిద్దె మీద ఇసుక తొట్టిలో పాతి, నాకు నేనే ఒక పట్టిక తయారు చేసుకున్నాను. 1957 నాటి కంచు నయాపైసా, అంతకుముందు కాలపు కానీ (పావు అణా) బిళ్ల పెద్ద సంఖ్యల పైవరుసలో, స్పష్టమైన సన్నని శబ్దంతో పలికాయి. అల్యూమినియం ఇరవై పైసల ఆరు పలకల బిళ్ల కూడా పైనే నిలిచింది. రాగి, నికెల్ కలిసిన పాత రూపాయి, పదకొండు అంచుల రెండు రూపాయలు మాత్రం మధ్య సంఖ్యల్లోకి దిగిపోయి, శీతల పానీయాల డబ్బాల మూతి రింగులతో, మాత్రల రేకులతో కలిసిపోయాయి. రాగి, నికెల్ మిశ్రమం విద్యుత్తును అంత బాగా ప్రసరింపజేయదు కాబట్టి ఇది యంత్రం తప్పు కాదు. ఏ యంత్రానికైనా ఈ చిక్కు ఉంటుంది. అయితే ఈ సంగతి తెలియనివారు మధ్య సంఖ్యలన్నీ చెత్త అనుకుని నడిచిపోతారు, ఇసుకలో పాత రూపాయలను వదిలేస్తారు. ఈ పట్టిక వీడియో కింద ఉంది, దయచేసి తీసుకోండి.

ఒడ్డున నాకు దొరికినవాటిలో ఎక్కువ భాగం వలలకు కట్టే సీసపు గుళ్లే. అవి కూడా మధ్య సంఖ్యల్లోనే పలుకుతాయి. రెండో ఆదివారం నాటికి రెండు దోసిళ్ల గుళ్లు పోగయ్యాయి; వాటిని అక్కడ వల బాగు చేసుకుంటున్న పెద్దాయనకు ఇస్తే, కిందటి తుపానుకు ఒడ్డు ఎక్కడ కోతపడిందో ఆయనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూపించాడు. అల పైఇసుకను లాక్కుపోయినప్పుడు తేలికైనవి కొట్టుకుపోయి బరువైనవి కింద గట్టి పొర మీద నిలుస్తాయి కాబట్టి, పాత నాణేలు దొరికేది అలాంటి చోటే. అమావాస్య మరునాడు, నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు, అక్కడే నాకు పచ్చగా చిలుము పట్టిన ఒక చిల్లు కానీ దొరికింది. లోహం కొరత ఉన్న రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943 నుంచి ముద్రించిన కంచు నాణెం అది. ఆ చిల్లు గుండా సముద్రాన్ని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఇలాంటి యంత్రం చేతికి రాగానే చాలామందికి చంద్రగిరి కోట, గుడిమల్లం గుర్తుకు వస్తాయి. దయచేసి ఆ ఆలోచన చేయకండి. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలాలు. అక్కడ తవ్వడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. తూపిలిపాలెం నుంచి దక్షిణంగా శ్రీహరికోట వైపు కూడా వెళ్లకూడదు. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటినా, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందకు వస్తుంది. చెన్నపట్నంలో కోట కట్టకముందే ఇంగ్లీషు వర్తకులు దిగిన దుగరాజపట్నం ఇదే తీరంలో ఉంది కాబట్టి, ఇక్కడ అలాంటి నాణెం దొరకడం కేవలం ఊహ కాదు. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో పొడి ఇసుక తిన్నెల మీద గుంటలు తీయకండి, తీసిన ప్రతి గుంటనూ పూడ్చండి.

ఇక నా తీర్పు. ఈ యంత్రంతో వచ్చిన హెడ్‌ఫోను గంటసేపటికే చెవులు నొప్పి పుట్టించింది. తెర వెలుతురు మధ్యాహ్నపు ఎండలో సరిపోలేదు. నాణేల బొమ్మల విషయంలో నా అసంతృప్తి తగ్గలేదు. అమ్మకందారుకు ఈ మాటే ఉత్తరంగా రాశాను. అయినా తడి ఇసుక మీద దీని నిశ్శబ్దానికి నేను లొంగిపోయాను. ఏటి ఇసుకకో, పొలానికో అయితే దీనికి ఇంత ధర పెట్టనవసరం లేదు, ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం చాలు. సముద్రపు ఒడ్డుకే వెళ్లేవారు మాత్రం దీన్ని కొనవచ్చు; కొన్న రోజే ఇనుము వద్దన్న అమరికను తీసివేసి, మీ ఇంట్లోని పాత చిల్లరతో మీ పట్టిక మీరు తయారు చేసుకోండి. గడువు ముగిసింది కాబట్టి యంత్రాన్ని వారికి తిరిగి పంపవలసి ఉంది, కానీ నేను పంపడం లేదు. నిన్ననే పూర్తి ధర చెల్లించి కొనుక్కున్నాను.