వైర్‌లెస్ వెనుక వైరు

అందరికీ నమస్కారం.

మీ ఫోనులో ఒక వీడియో తెరిచారనుకుందాం. ఎక్కడో వేరే ఖండంలోని కంప్యూటర్ నుంచి అది గాలిలో తేలుతూ వచ్చిందనిపిస్తుంది. నిజానికి అది గాలిలో వచ్చిన దూరం, వైఫై అయితే కొన్ని మీటర్లు, మొబైల్ టవర్ అయితే మహా అంటే కొన్ని కిలోమీటర్లు. మిగతా ప్రయాణమంతా దాదాపుగా నేల కింద, సముద్రం అడుగున. అందుకే ఈ రోజు తీగల గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందుగా రాగి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్నెట్ కేబుల్‌ను ఎప్పుడైనా కోసి చూశారా? లోపల ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జంటలుగా, తాడుకు పురి పెట్టినట్టు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక గట్టితనం కోసం పెట్టింది కాదు. మోటార్లు, కరెంటు తీగలు పుట్టించే విద్యుత్ రొద జంటలోని రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడాలని పెట్టింది. మనం సంకేతాన్ని ఆ రెండింటి మధ్య తేడాగా పంపుతాం. అవతలి పరికరం ఆ తేడానే చదువుతుంది కాబట్టి, రెండింటికీ సమానంగా అంటిన రొద తీసివేతలో పోతుంది. 1881లోనే అలెగ్జాండర్ గ్రాహం బెల్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. పైగా నాలుగు జంటల పురీ ఒకే బిగువులో ఉండదు. ఒక జంట మాట పక్క జంటకు వినపడకుండా ఒక్కోదానికి ఒక్కో లెక్క. కనెక్టర్ బిగించేటప్పుడు ఈ పురిని రెండంగుళాల మేర విప్పేసేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అర అంగుళం చాలు.

కేటగిరీ 6 కేబుల్ సెకనుకు 10 గిగాబిట్ల వేగాన్ని సుమారు 55 మీటర్ల వరకు మోస్తుంది; 6ఏ రకం 100 మీటర్ల వరకు. అంతకు మించిన దూరానికి రాగిని నమ్ముకోకండి.

కోయాక్సియల్, అంటే మధ్యలో ఒక రాగి తీగ, దాని చుట్టూ లోహపు తొడుగు ఉండే కేబుల్ గురించి ఒక్క మాట. తొలినాటి ఈథర్నెట్ దాని మీదే నడిచింది. అందరికీ ఒకటే తీగ, రెండు కొసల్లో టెర్మినేటర్లు, అంటే సంకేతం కొసను తాకి వెనక్కి రాకుండా ఆపే బిరడాలు. నేను పనిచేసిన ఒక ల్యాబులో అందులో ఒకటి వదులై, గది మొత్తం మూగబోయింది. లోపం కనిపెట్టడానికి బల్లల కింద పాకుతూ ఒక పూటంతా గడిపాను. అది పోయినందుకు నాకైతే బెంగ లేదు.

ఇక గాజు. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఒక మాట అన్నారు: కాంతి గాజులో చచ్చిపోవడానికి కారణం గాజు కాదు, అందులోని మలినాలు. కిలోమీటరుకు నష్టాన్ని 20 డెసిబెల్స్‌కు తగ్గిస్తే చాలన్నారు. అంటే కిలోమీటరు తర్వాత నూటికి ఒక వంతు కాంతి మిగిలితే చాలు. కార్నింగ్ సంస్థ 1970లో ఆ గీత దాటింది. ఈనాటి ఫైబర్‌లో, అంటే సన్నని గాజు పోగులో, నష్టం కిలోమీటరుకు దాదాపు 0.2 డెసిబెల్స్. అదే నూటికి ఒక వంతు ఇప్పుడు 100 కిలోమీటర్ల తర్వాత మిగులుతోంది! దూరాలు మోసే సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే దారి మందం సుమారు 9 మైక్రాన్లే; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది.

మరి ఏది వేగం? చాలామంది ఫైబర్ అంటారు. మోసే సమాచారంలో నిజమే. కానీ గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే నడుస్తుంది; గాలిలో రేడియో తరంగం దాదాపు 3 లక్షలు. అందుకే చికాగో, న్యూయార్క్ మధ్య షేర్ల వ్యాపారులు మైక్రోవేవ్ టవర్లు వేసుకున్నారు, కొన్ని మిల్లీసెకన్ల కోసం!

గాలితో వచ్చే చిక్కు వేరు. అది అందరిదీ. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీ వైఫై, బ్లూటూత్, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ ఒకే గదిలో గొంతు చించుకుంటాయి. 1971లో హవాయి దీవులను రేడియోతో కలిపిన అలోహానెట్ దీనికొక మర్యాద నేర్పింది: మాటలు ఢీకొంటే, ఎవరికి వారు కొంతసేపు ఆగి మళ్లీ చెప్పాలి. ఆ మర్యాదనే 1973లో బాబ్ మెట్‌కాఫ్ అనే ఇంజినీరు తీగలోకి తెచ్చాడు; అదే ఈథర్నెట్. ఈథర్నెట్ పేరులోని 'ఈథర్' కూడా, కాంతిని మోస్తుందని ఒకప్పుడు నమ్మిన, అసలు లేని ఆ పదార్థానిదే.

ఉపగ్రహాలు మిగిలాయి. ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తు. మాట పైకి వెళ్లి దిగడానికే పావు సెకను. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవాటితో ఆ బాధ లేదు. అయినా అవి కూడా సమాచారాన్ని చివరికి గ్రౌండ్ స్టేషన్‌లోనే దించాలి, అక్కడి నుంచి మళ్లీ ఫైబరే.

బల్ల మీద ఒక కేబుల్ ముక్క, కత్తెర పెట్టాను. వచ్చి కోసి చూడండి. ప్రశ్నలు ఆ తర్వాత అడుగుదురు గాని.