మనిషీ యంత్రమూ ఒకే పక్షాన

శ్రోతలకు నమస్కారం.

1997 మే నెలలో ప్రపంచ చదరంగ విజేత గ్యారీ కాస్పరోవ్, ఐబీఎం వారి డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిపోయారు. ఆరు ఆటల పోటీలో యంత్రానికి మూడున్నర పాయింట్లు, ఆయనకు రెండున్నర. ఈ సంగతి చెస్ ఆడనివాళ్లకూ తెలుసు. మరుసటి ఏడాది ఆయన చేసిన పనికి మాత్రం అంత ప్రచారం రాలేదు. నా దృష్టిలో ఆ ఓటమి కన్నా ఇదే పెద్ద విషయం. యంత్రం లెక్కల్లో మనల్ని మించిపోయింది, సరే. దాన్ని ఎదుట కాకుండా పక్కన కూర్చోబెట్టుకుంటే ఆట ఎలా ఉంటుంది? ఆయనకు కలిగిన ఆలోచన ఇది.

1998 జూన్‌లో స్పెయిన్‌లోని లియోన్ నగరంలో కాస్పరోవ్, బల్గేరియా ఆటగాడు వెసెలిన్ తొపలోవ్ తలపడ్డారు. ఇద్దరి పక్కనా ఒక్కో కంప్యూటర్. ఏ ఎత్తు తోచినా వేసే ముందు దానితో పరీక్షించుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. అంతకు నెల ముందు, కంప్యూటర్లు లేని ర్యాపిడ్ ఆటల్లో, అంటే తక్కువ సమయంలో ముగించే ఆటల్లో, కాస్పరోవ్ ఇదే తొపలోవ్‌ను 4–0తో ఓడించారు. లియోన్‌లో ఫలితం 3–3. కాస్పరోవ్ అసలు బలం చిక్కుముడి లాంటి ఎత్తులను చాలా దూరం లెక్కగట్టడం. ఆ బలాన్ని యంత్రం ఇద్దరికీ సమానంగా పంచేసింది. మరుసటి ఏడాది అక్కడే విశ్వనాథన్ ఆనంద్, మాజీ ప్రపంచ విజేత అనతోలి కార్పోవ్‌ను 5–1తో గెలిచారు. యంత్రాలు ఇద్దరికీ ఉన్నాయి. వాటితో పనిచేయడం ఆనంద్‌కు బాగా అలవాటు, కార్పోవ్‌కు అంతగా కాదు.

ఇక 2005. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఇంటర్నెట్‌లో ఒక ఫ్రీస్టైల్ టోర్నమెంట్ పెట్టారు. ఒంటరిగా ఆడొచ్చు, జట్టుగా ఆడొచ్చు, ఎన్ని కంప్యూటర్లయినా వాడుకోవచ్చు. గ్రాండ్‌మాస్టర్లు వచ్చారు. హైడ్రా అనే ప్రత్యేక చెస్ యంత్రమూ వచ్చింది. అదే ఏడాది లండన్‌లో మైకేల్ ఆడమ్స్ లాంటి మేటి ఆటగాడు ఆరు ఆటల్లో అర పాయింటు మాత్రమే రాబట్టగలిగింది ఈ హైడ్రా మీదే. చివరికి గెలిచింది స్టీవెన్ క్రామ్‌టన్, జాకరీ స్టీఫెన్ అనే ఇద్దరు అమెరికన్ యువకులు. వారి రేటింగ్‌లు, అంటే ఆట బలాన్ని కొలిచే అంకెలు, 1685, 1398. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 అందుకోవాలి. అంటే వీళ్లు క్లబ్ స్థాయి ఆటగాళ్లు.

వాళ్లకు కలిసొచ్చింది పద్ధతి. మామూలు కంప్యూటర్లు కొన్ని, వాటిలో వేర్వేరు ఇంజిన్లు, అంటే ఎత్తులను లెక్కగట్టే చెస్ ప్రోగ్రాములు. ఏ ఇంజిన్‌కు ఎలాంటి స్థితిలో చూపు బాగుంటుందో, ఎక్కడ తడబడుతుందో ముందే కనిపెట్టి ఉంచుకున్నారు. ఇంజిన్లు ఒకే ఎత్తు చెబితే ముందుకు సాగడం, భిన్నంగా చెబితే అక్కడ ఆగి తవ్వడం. ఆ తవ్వకానికి గ్రాండ్‌మాస్టర్ ప్రతిభ అక్కర్లేదు. ఓపిక కావాలి, ఎక్కడ అనుమానించాలో తెలియాలి. మామూలు ఆటగాడూ యంత్రమూ మంచి పద్ధతితో కలిస్తే, పద్ధతి సరిగా లేని గొప్ప ఆటగాడూ యంత్రమూ కలిసిన జంటను ఓడించగలరని కాస్పరోవ్ తర్వాత రాశారు.

ఆ రోజుల్లో ఇంజిన్లకు గుడ్డి మచ్చలు ఉండేవి. బంటులు ఎదురెదురుగా బిగుసుకుపోయి, ఎవరూ లోపలికి చొరబడలేని కోటలాంటి స్థితి వచ్చిందనుకోండి. తన పక్షాన ఒక ఏనుగు ఎక్కువుంటే చాలు, గెలుపు నాదేనని ఇంజిన్ అంకె చూపించేది. అది డ్రా అని మనిషికి బోర్డు చూడగానే తెలిసిపోయేది. మనిషి విలువ అక్కడ ఉండేది.

ఇప్పుడు ఆ మచ్చలు చాలావరకు పోయాయి. 2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం, నియమాలు మాత్రమే తెలిసిన దశ నుంచి తనతో తానే ఆడుకుని నేర్చుకుంది, నాటి మేటి ఇంజిన్ స్టాక్‌ఫిష్‌తో వంద ఆటలాడి 28 గెలిచింది, మిగతా 72 డ్రా. 2020లో స్టాక్‌ఫిష్‌కు కూడా న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి తానే నేర్చుకునే వ్యవస్థ, జోడించారు. ఎదురుగా కూర్చోకుండా దూరం నుంచి ఎత్తులు పంపుకునే కరెస్పాండెన్స్ చెస్‌లో ఇంజిన్లను అనుమతిస్తారు. అందులో, ఒక్క ఎత్తుకు రోజుల తరబడి వ్యవధి ఉన్నా, పైస్థాయి ఆటలు దాదాపు అన్నీ డ్రాలే. యంత్రం చెప్పిన ఎత్తును మనిషి మెరుగుపరచడం అక్కడ ఎంతో అరుదు. ఇది ఒప్పుకోవడానికి నాకు బాధగానే ఉంది.

కానీ బోర్డు ముందు మనిషికి ఎదురుగా మనిషే కూర్చునే పోటీల సంగతి వేరు. అక్కడ ఆట సమయంలో కంప్యూటర్ నిషిద్ధం, కలిసి పనిచేసేదంతా ముందే, ఇంట్లోనే. ఆటగాడు ఇంజిన్ చెప్పిన మొదటి ఎత్తును వదిలేసి మూడోదాన్ని వెతుకుతాడు. లెక్క ప్రకారం అది సమానమే, కానీ ప్రత్యర్థి సరైన జవాబు కనిపెట్టడానికి అరగంట పడుతుంది. ఎవరు ఎక్కడ తడబడతారో అంకెల్లో కనిపించదు, ఆ ప్రత్యర్థిని ఎరిగినవాడికే తెలుస్తుంది. అంచు బంటును ప్రత్యర్థి శిబిరం దాకా తోసుకుపోవడం వంటి ఆలోచనలను మనుషులు ఆల్ఫాజీరో ఆటల నుంచి మనసారా తీసుకున్నారు. మాజీ ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సన్ కూడా ఆ ప్రభావం తనపై ఉందని చెప్పారు.

ఈ ప్రసంగం వింటున్న వాళ్లలో చెస్ నేర్చుకునే పిల్లలుంటే వారికొక మాట. ఆట అయిపోగానే ఇంజిన్ తెరవకండి. ఎక్కడ తప్పు జరిగిందో మీకు తోచింది ముందు కాగితం మీద రాయండి, ఎందుకు అనుకున్నారో కూడా రాయండి. తర్వాత ఇంజిన్‌కు చూపించండి. అది వేరే ఎత్తు చెబితే ఆ ఎత్తుకు ఎదురెత్తు మీరే వేసి చూడండి, అది ఎలా ఖండిస్తుందో గమనించండి. ఆ ఖండన అర్థమయ్యేదాకా తర్వాతి ఎత్తుకు వెళ్లకండి.

నమస్కారం.