చలికాలంలో ఇంజిన్ సైకిల్‌కి గ్లౌజులు: చెయ్యి చాపి కాదు, పిడికిలి బిగించి చూడండి

నమస్తే అండి. సైకిల్‌కి ఇంజిన్ కిట్ బిగించుకుని చలికాలంలో కూడా బండి తీసేవాళ్ళ కోసం ఈ వీడియో. గ్లౌజు వెచ్చగా ఉండాలి, అరచేతిలో మెత్త ఉండాలి, అయినా సరే క్లచ్ లివర్ వేలికి తెలుస్తూ ఉండాలి. ఈ మూడిట్లో ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది, గ్లౌజులు కొనేటప్పుడు మనం తికమక పడేది కూడా అక్కడే.

ముందు ఇది చూడండి. కుడి చేతికి బాగా మందమైన మంచు గ్లౌజు వేసుకున్నా. చెయ్యి ఇలా చాపితే దిండులో పెట్టినంత హాయిగా ఉంది. ఇప్పుడు ఇదే చేత్తో హ్యాండిల్ పట్టుకుంటున్నా, కెమెరా దగ్గరికి తెస్తా ఆగండి, అరచేతి మధ్యలో బట్టంతా ముడతలు పడి ఉండ కట్టేసింది, వేళ్ళ చివర్లేమో లాగిపెట్టినట్టు బిగుసుకుపోయాయి. గంటసేపు బండి నడిపితే ఆ ఉండ కిందే తిమ్మిరి మొదలవుతుంది, ఆ బిగుసుకున్న వేళ్ళే ముందు చల్లబడతాయి. అందుకే గ్లౌజు ట్రై చేసేటప్పుడు ఎప్పుడూ పిడికిలి బిగించి చూడండి, దగ్గర్లో సైకిల్ ఉంటే హ్యాండిల్ పట్టుకునే చూడండి.

నేనెందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒకసారి తెల్లవారుజామున వెళ్తుంటే ఎడమ చేతి వేళ్ళు కొంకర్లు పోయి క్లచ్ పూర్తిగా లాగానో సగమే లాగానో నాకే తెలియలేదు. సగమే లాగానట, బండి గుంజుకుంటూ జంక్షన్ మధ్యదాకా వెళ్ళిపోయింది. అటు నుంచి ఏ బండీ రాలేదు కాబట్టి బయటపడ్డా. ఆ రోజు నుంచి నాకు గ్లౌజు కూడా బ్రేక్ లాంటిదే.

చలి సంగతి చూద్దాం. బయట 5 డిగ్రీలుంది అనుకోండి, గంటకి 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి సుమారు 0 డిగ్రీల్లో ఉన్నట్టు అనిపిస్తుంది, అదే 0 డిగ్రీలుంటే మైనస్ 6 దాకా పోతుంది. దీనికి తోడు పెడల్ తొక్కేవాళ్ళకి కాళ్ళు పనిచేస్తూ ఒళ్ళంతా వేడెక్కుతుంది కదా, మనం ఇంజిన్ మీద కదలకుండా కూర్చుంటాం, ఒళ్ళు చల్లబడితే శరీరం గుండెనీ ఊపిరితిత్తుల్నీ కాపాడుకోడానికి చేతులకి పోయే రక్తాన్ని తగ్గించేస్తుంది. అందుకే తొక్కేవాళ్ళకి చాలు అనిపించిన గ్లౌజు మనకి చాలదు, అలాగే ఛాతీకి గాలి ఆపే జాకెట్ లేకపోతే ఎంత మంచి గ్లౌజు వేసినా చేతులు చల్లగానే ఉంటాయి.

వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదండి, బట్టలో చిక్కుకున్న గాలి. ఆ గాలిని పట్టి ఉంచడానికి లోపల నింపే దూది లాంటి సరుకుకి థిన్సులేట్, ప్రైమాలాఫ్ట్ లాంటి పేర్లు లేబుల్ మీద కనిపిస్తాయి, పక్కన 40 గ్రాములు, 100 గ్రాములు, 150 అని నంబర్ ఉంటుంది, అంటే ఒక చదరపు మీటర్ బట్టకి అంత బరువు. మనకి కావాల్సింది చెయ్యి పైవైపు ఎక్కువ, అరచేతి వైపు తక్కువ, ఎందుకంటే గాలి కొట్టేది పైనే, లివర్ పట్టుకునేది కిందే. రెండు వైపులా ఒకే మందం ఉన్న జత నేనైతే తీసుకోను. బిగుతుగా ఉన్న గ్లౌజు కూడా వద్దు, ఆ గాలి నలిగిపోతుంది, రక్తం కూడా సరిగా పారదు. సైజు కోసం టైలర్ టేపుతో బొటనవేలు వదిలేసి వేళ్ళ మొదళ్ళ దగ్గర అరచెయ్యి చుట్టూ కొలవండి, మీరు ఎక్కువగా వాడే చేత్తోనే కొలవండి. లోపల సన్నటి ఉన్ని గ్లౌజు కూడా వేసుకునే అలవాటుంటే దాంతో కలిపి కొలుచుకోండి. లోపల వేసేది కాటన్‌ది మాత్రం వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది.

ఇప్పుడు మెత్త సంగతి, చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు, మణికట్టుకి కాస్త పైన ఇక్కడ నొక్కుతున్నా చూడండి, ఇక్కడి నుంచే ఒక నరం వెళ్తుంది, చిటికెన వేలికీ ఉంగరం వేలికీ స్పర్శ ఇచ్చేది అదే. హ్యాండిల్ మీద బరువంతా ఇక్కడ పడితే ఆ రెండు వేళ్ళే తిమ్మిరెక్కుతాయి. కాబట్టి మెత్త ఉండాల్సింది ఈ చోట, అరచేతి మధ్యలో కాదు. బొటనవేలితో నొక్కి వదలండి, వెంటనే పైకి లేస్తే మంచి మెత్త, గుంట అలాగే ఉండిపోతే రెండు నెలలకే అట్టలా అయిపోతుంది. మరీ మందం కూడా వద్దు, గ్రిప్ లావైపోయి ఇంకా గట్టిగా పట్టుకోవాల్సొస్తుంది, గట్టిగా పట్టుకునే కొద్దీ వైబ్రేషన్ చేతిలోకి ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, ముంజేతులు కూడా లాగేస్తాయి.

ఒకటి మాత్రం నిజంగా చెప్పాలి, మెత్త వల్ల వైబ్రేషన్ పూర్తిగా పోదు. టూ స్ట్రోక్ ఇంజిన్ 4000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడు, సెకనుకి దాదాపు 67 సార్లు పేలుతుంది, ఇలాంటి నెమ్మది అదురుని మెత్తలో ఉండే జెల్ పెద్దగా ఆపలేదు, సన్నటి జుమ్మనే అదురునే బాగా ఆపుతుంది. ముందు ఇంజిన్ మౌంట్ నట్లు బిగించుకోండి, మెత్తటి గ్రిప్‌లు వేయించుకోండి, ఆ తర్వాతే గ్లౌజు. చలీ అదురూ రెండూ కలిస్తే వేళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోతాయి, రోజంతా అదిరే మెషీన్లు పట్టుకునే పనివాళ్ళకి వేళ్ళు తెల్లబడే జబ్బు వచ్చేది ఇలాగే. బండి దిగాక వేళ్ళు తెల్లగా పాలిపోవడం మీకు పదే పదే జరుగుతుంటే డాక్టర్‌కి చూపించుకోండి.

వానకీ మంచుకీ గోర్‌టెక్స్ లాంటి, నీళ్ళు లోపలికి రానివ్వని పొర ఉన్నది తీసుకోండి. కొనేముందు చెయ్యి లోపల పెట్టి ఒకటికి రెండుసార్లు గబుక్కున బయటికి లాగి చూడండి, అస్తరు చేతితో పాటే బయటికొస్తే ఆ జత వదిలేయండి, తడి చేత్తో మళ్ళీ వేసుకోవాలంటే వేళ్ళు ఎక్కవు. మణికట్టు దగ్గర పొడుగ్గా ఉండి జాకెట్ చేతి మీదికి వచ్చేది అయితే గాలి దూరదు.

పడితే ముందు నేలకి తగిలేది అరచేతులే, కాబట్టి ఉత్త ఉన్ని గ్లౌజు సరిపోదు. లేబుల్ మీద ఈఎన్ 13594 అని ఉంటే అది మోటార్ సైకిల్ గ్లౌజుల స్టాండర్డ్, పక్కన కేపీ అని ఉంటే వేళ్ళ కణుపులకి కూడా రక్షణ ఉన్నట్టు. ఈఎన్ 511 అని ఉంటే అది చలికి, దాని కింద మూడు అంకెలుంటాయి, మొదటిది గాలి చలి, రెండోది చల్లటి వస్తువు పట్టుకుంటే తగిలే చలి, మూడోది నీళ్ళు. మనకి మొదటి అంకె ముఖ్యం, అది 4 దాకా ఉంటుంది.

హీటింగ్ గ్లౌజులు అడుగుతారు. కిట్ ఇంజిన్‌లో కరెంటు పుట్టించే చిన్న మ్యాగ్నెటో స్పార్క్ కోసమే, దాని మీద హీటర్ నడపాలని చూడొద్దు, సొంత బ్యాటరీ ఉన్నవే తీసుకోండి. ఇంకో దారి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది అదే, హ్యాండిల్‌కి తొడిగే పెద్ద తొడుగులు. వాటిలో చెయ్యి పెడితే గాలి తగలదు, లోపల పల్చటి గ్లౌజు చాలు, లివర్ బాగా తెలుస్తుంది. కాకపోతే ఆ తొడుగు యాక్సిలరేటర్‌కి అడ్డం పడకూడదు, వదిలితే గ్రిప్ దానంతటదే వెనక్కి రావాలి, చెయ్యి కూడా ఒక్క క్షణంలో బయటికి రావాలి, బండి ఆపి ఉంచి పదిసార్లు ప్రాక్టీస్ చేయండి.

తడిసిన గ్లౌజుని సైలెన్సర్ మీదో హీటర్ మీదో పెట్టకండి, లోపలి జిగురు వదిలేస్తుంది, నీడలో వేలాడదీయండి.

సరే, ఇప్పుడు నా జత వేసుకున్నా. క్లచ్ లాగుతున్నా, లాగిన క్లచ్‌ని అలాగే పట్టి ఉంచే, లివర్ పక్కనున్న ఈ చిన్న లాక్ పిన్‌ని చూడకుండా వేలితో నొక్కుతున్నా, పడింది. ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ కూడా తగులుతోంది. మీరు కొనాలనుకున్న గ్లౌజుతో ఈ రెండూ చూడకుండా చేయగలిగితేనే తీసుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నా, నా ఎడమ చేతి వేళ్ళనే చూస్తూ ఉండండి.