దారిలో అడిగిన రెండు వందల యాభై రూపాయలు

అధ్యక్షులు గారికి, ప్రిన్సిపాల్ గారికి, వాణిజ్య శాస్త్ర శాఖ అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి కావలసిన దానికన్నా ఎక్కువే చెప్పారు కనుక, నేను నేరుగా మీ కాగితాల దగ్గరికి వస్తాను.

కన్యాకుమారి నుండి శ్రీనగర్ వరకు రోడ్డు ప్రయాణానికి ప్రణాళిక, బడ్జెట్ తయారు చేయమని మీ అధ్యాపకులు మీకు మంచి పని అప్పగించారు. ఆ 44వ నంబరు జాతీయ రహదారి మన కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగానే పోతుంది. 2010లో నంబర్లు మారకముందు మన దగ్గర అది ఏడో నంబరు రోడ్డు, మా వయసు వాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. చేనికి పోతూ మనం దాటే రోడ్డు ఒకవైపు సముద్రం దాకా, మరోవైపు మంచుకొండల దాకా పోతుందని మీరు పటం మీద వేలుపెట్టి తెలుసుకున్నారు. నాకు చాలా సంతోషం కలిగింది.

మీ లెక్కలను నేను రెండు రాత్రులు కూర్చొని చదివాను. మీరు దూరాన్ని 3,700 కిలోమీటర్లుగా తీసుకున్నారు, అది సరైనదే. అయితే ఇక్కడి నుండి కన్యాకుమారి చేరడానికి దాదాపు 900 కిలోమీటర్లు, శ్రీనగర్ నుండి ఇల్లు చేరడానికి దాదాపు 2,800 కిలోమీటర్లు కూడా మీ కిరాయి బండి నడవాలి కదా. మీరు తిరుగు ప్రయాణం రైల్లో చేసినా ఖాళీ బండికి యజమాని కిరాయి వసూలు చేస్తాడు కనుక, మీ దూరం 7,400 కిలోమీటర్లు. లీటరుకు 10 కిలోమీటర్ల లెక్కన దీనికి 740 లీటర్ల డీజిల్ చాలుతుంది. సామాను బరువుతో, ఏసీతో, జమ్మూ దాటాక ఘాట్ రోడ్డుతో అది 8కి పడిపోతే 925 లీటర్లు కావాలి. లెక్క సులువు కోసం లీటరు 100 రూపాయలు అనుకుంటే తేడా 18,500 రూపాయలు, అంటే మీ పన్నెండు మందిలో ఒక్కొక్కరి మీద వెయ్యిన్నరకు పైగా పడుతుంది. డీజిల్ ధర దారి పొడవునా ఒకటే ఉండదని కూడా గమనించండి. రాష్ట్రానికొక పన్ను ఉంటుంది. బెంగళూరు వైపు పోయే లారీ డ్రైవరు ఇక్కడ ట్యాంకు నింపకుండా సరిహద్దు దాటి కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర ఎందుకు నింపుకుంటాడో ఒక్కసారి అడిగి చూడండి.

ఒక బృందం వారు బంధువుల సొంత కారును తక్కువ కిరాయికి తీసుకుంటామని రాశారు. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత బండిని కిరాయికి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే బీమా పరిహారానికి కూడా అడ్డు వస్తుంది. ఆ వరుస కొట్టివేయండి. మరో బృందం వారి ప్రణాళికలో ఆగ్రా శుక్రవారం నాడు పడింది, శుక్రవారం తాజ్ మహల్‌లోకి సందర్శకులను అనుమతించరు. జమ్మూ, శ్రీనగర్‌ల మధ్య రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం మామూలే కనుక, అక్కడికి ఒక రోజు అదనంగా ఉంచుకోవలసింది. టోల్ గేట్ల గురించి, ఫాస్టాగ్ గురించి, బస చేసే ఊళ్ల గురించి కూడా నేను రాసుకొని వచ్చాను.

అయితే వాటిని పక్కన పెడుతున్నాను. మూడవ బృందం వారి పట్టికలో పదహారు వరుసలు ఉన్నాయి. పదహారో వరుస కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "అవసరమైతే దారిలో తలా కొంత వసూలు చేసుకుంటాము." ఆ వాక్యం చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే అలాంటి వాక్యాన్ని 1997లో నేను కూడా మనసులో రాసుకొని బయలుదేరాను.

అప్పుడు నేను ఈ జిల్లాలోనే ఒక జూనియర్ కళాశాలలో అకౌంట్స్ చెప్పేవాణ్ణి. ఇరవై నాలుగు మంది విద్యార్థులను బస్సులో హైదరాబాదు, నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రాల మీదుగా ఢిల్లీ తీసుకుపోవాలని తలకు 1,800 రూపాయలు నిర్ణయించాను. మొత్తం 43,200. ఆదాయం 43,200, వ్యయం 43,200, రెండు వైపులా రూపాయి తేడా లేకుండా సరిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. అది సరిపోవడానికి నేను రెండు పనులు చేశాను. భోజనం ఎవరిది వారే పెట్టుకోవాలని పట్టికలో నుండి తీసివేశాను. అనుకోని ఖర్చులకు ఏమీ ఉంచలేదు.

నాగపూర్ దాటి సియోనీ చేరకముందే ఒక శుక్రవారం రాత్రి బస్సు వెనక కమాను పట్టీలు విరిగాయి. మరమ్మతుకు, అక్కడ ఆగినందుకు ఆరు వేలు కావలసి వచ్చింది. తలకు 250 ఇవ్వమన్నాను. ఇరవై నాలుగు మందీ ఇచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు కనుక అందరి దగ్గరా డబ్బు ఉన్నదని నేను అనుకున్నాను.

అందులో ఒక అబ్బాయి పది రోజుల తిండికి 300 రూపాయలు తెచ్చుకున్నాడు. వాళ్ల చేలో ఆ ఏడు కాయ సరిగా పట్టలేదు. తండ్రి ఆ డబ్బు ఎక్కడ పుట్టించాడో నాకు తరువాత తెలిసింది. 250 నాకు ఇచ్చాక అతని దగ్గర 50 రూపాయలు మిగిలాయి. శనివారం వేంకటేశ్వరస్వామికి ఉపవాసం అన్నాడు. ఆదివారం కడుపు బాగా లేదన్నాడు. సోమవారం శివుడికి అన్నాడు. మంగళవారం ఆంజనేయస్వామికి అని చెప్పినప్పుడు నాకు అర్థమైంది. అతని సంచిలో వాళ్లమ్మ కట్టిచ్చిన బొరుగులు, వేయించిన శెనక్కాయలు పిడికెడు మిగిలి ఉన్నాయి. ఎందుకు చెప్పలేదు నాయనా అని అడిగితే, "నాకు ఆకలి కాలేదు సార్" అన్నాడు. ఆ రోజు నుండి అతన్ని నా పక్కన కూర్చోబెట్టుకొని భోజనం పెట్టించాను. అతను తిన్న ప్రతి పూటా తల వంచుకొనే తిన్నాడు.

నేను ఇంటికి వచ్చి మళ్లీ లెక్క వేశాను. మొత్తంలో పదో వంతును అనుకోని ఖర్చులకు ముందే చేర్చి ఉంటే తలకు 180 రూపాయలు ఎక్కువయ్యేది. ఆ 180 ఇంట్లో అడిగితే తండ్రి కొంత గడువు అడుగుతాడు, లేదా ఇప్పుడు వద్దులే అంటాడు, లేదా ఎవరో ఒక అధ్యాపకుడు చాటుగా సర్దుతాడు, ఖర్చు కాకపోతే ఆ డబ్బు తిరిగి వారి చేతికే వస్తుంది. దారిలో, తోటివాళ్ల ముందు, చెయ్యి చాపి 250 అడిగితే ఆ పిల్లవాడు ఇవ్వగలిగింది తన అన్నం ఒక్కటే. విద్యార్థులారా, ఈ తేడాను మీరు గుర్తించాలని నేను ప్రాధేయపడుతున్నాను.

కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుండి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి మన కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లారు. మజిలీ మజిలీకి ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో ఆయన రాసుకున్నారు. వెంట వచ్చినవాళ్ల తిండి ఆయనకు ప్రయాణ వివరాలలో ఒక భాగం. నేను దాన్ని పట్టికలో నుండి తీసివేశాను. మీ మూడు బృందాలలో రెండు బృందాలు కూడా తీసివేశాయి.

అడగలేని మరో మనిషి కూడా మీ బండిలో ఉన్నాడు. కన్యాకుమారి నుండి శ్రీనగర్‌కు ఆరు రోజులు అని రాశారు, అంటే రోజుకు 600 కిలోమీటర్లకు పైగా. సగటున గంటకు 55 కిలోమీటర్లు నడిచినా పదకొండు గంటలు దాటుతుంది. 2025 దాకా అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనికి రోజుకు ఎనిమిది గంటలని, ఐదు గంటలు పని చేశాక కనీసం అరగంట విశ్రాంతి అని నిర్ణయించింది. ఎనిమిది గంటలకు 440 కిలోమీటర్లు పోతే తొమ్మిది రోజులు పడుతుంది. తొమ్మిది రోజులు కుదరకపోతే రెండో డ్రైవరుకు జీతం, బత్తా, పడుకోవడానికి మంచం రాయండి. నిద్ర వస్తోందని డ్రైవరు మీతో చెప్పడు, ఎందుకంటే తెల్లారేసరికి ఆగ్రాలో ఉండాలని మీరు ముందే చెప్పి ఉంటారు.

ఇచ్చిన సమయం దాటిపోయిందని అధ్యక్షులు గారు చూపిస్తున్నారు. మూడవ బృందం వారు పదహారో వరుస కింది వాక్యాన్ని కొట్టివేసి, పదిహేడో వరుసలో అనుకోని ఖర్చులు, పద్దెనిమిదో వరుసలో అందరి భోజనం రాసి, తలకు ఎంత పడుతుందో మళ్లీ లెక్కవేయండి. ఆ మొత్తం ఎక్కువైతే దూరం తగ్గించండి, నాగపూర్ దాకా పోయి రండి, హంపి దాకా పోయి రండి. మధ్యాహ్నం మూడు గంటల వరకు నేను ఈ హాలులోనే ఉంటాను, కాగితాలు తీసుకొని నా దగ్గరికి రండి.