చర్చకు తర్వాతి పుస్తకం ఎంచుకునే పట్టిక: ఖాళీ గడితో జాగ్రత్త

అందరికీ నమస్కారం. బెంగళూరులో తెలుగువాళ్లం కొందరం నెలకో పుస్తకం చదివి, ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో కూర్చుని మాట్లాడుకుంటాం. కథలూ నవలలూ కాదు. చరిత్ర, సైన్సు, ఆత్మకథలు, యాత్రలు, ఇలాంటివి. తర్వాతి పుస్తకం ఏది అని వాట్సాప్‌లో అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. బొటనవేళ్ల బొమ్మలు బోలెడు వస్తాయి, తేలేది మాత్రం ఏమీ ఉండదు. అందుకే ఈ పట్టిక. తెర మీద కనిపిస్తోంది కదా? గూగుల్ షీట్స్, అంతే.

కొత్త షీటు తెరవడం, పేరు పెట్టడం, అందరికీ పంపడం, ఇవి మీకు వచ్చు, గబగబా వెళ్లిపోతున్నాను. పైన అడ్డంగా పుస్తకాల పేర్లు. ఎడమవైపు నిలువుగా మనుషుల పేర్లు. పై వరుస కదలకుండా ఇక్కడ, వ్యూలో, ఫ్రీజ్. ఇదిగో, అయిపోయింది. తేదీ వేయాలంటే టైపు చేయకండి, కంట్రోల్ పట్టుకుని సెమికోలన్ కొట్టండి, ఈరోజు తేదీ వచ్చి కూర్చుంటుంది. నాకు మహా ఇష్టమైన మీట ఇది.

ఇప్పుడు పేరు కింద ఉన్న ఈ మూడు గడులు. పుస్తకం చెప్పినవాళ్లే నింపాలి. ఎన్ని పేజీలు, ఏ భాషల్లో దొరుకుతుంది, ఒక ప్రశ్న.

పేజీలు సరే. భాషల గడి ఎందుకంటే, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లు మాలో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంగ్లీషు. లిపులు దగ్గరివే కాబట్టి కూడబలుక్కుని చదవగలరు. కానీ మూడు వందల పేజీలు కూడబలుక్కోమంటే పాపం కదా.

ఇక ప్రశ్న. ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ పుస్తకం చదివిన ఇద్దరు, ఇద్దరూ శ్రద్ధగా చదివినవాళ్లే, వేరువేరు జవాబులు చెప్పగలిగే ప్రశ్న కావాలి. ఆ గడి నిండకపోతే పుస్తకం ఎంత గొప్పదైనా పక్కన పెట్టేస్తాం. గొప్ప పుస్తకం వేరు, చర్చకు పనికొచ్చే పుస్తకం వేరు. "చాలా బాగుందండీ", "అవునండీ, నాకూ బాగా నచ్చింది", ఇక అంతే, అరగంటలో అందరం ఇడ్లీలకు లేస్తాం. అంబేద్కర్ 'కులనిర్మూలన' చూడండి. చిన్న పుస్తకం. 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అనే కులవ్యతిరేక సంఘం సభ కోసం రాసిన ప్రసంగం. అందులోని మాటలు నిర్వాహకులకు మింగుడుపడలేదు, సభ రద్దయింది, ఆయనే సొంతంగా అచ్చువేయించారు. గాంధీ తన 'హరిజన్' పత్రికలో దాన్ని విమర్శించారు. అంబేద్కర్ జవాబిచ్చారు. తర్వాతి ముద్రణలో ఆ రెండూ చేర్చారు. వాదమూ ప్రతివాదమూ ఒకే అట్టల మధ్య ఉన్నాయి, ఇక ప్రశ్న కోసం వెతుక్కునే పనే లేదు.

సరే, ఓటింగుకు వద్దాం. ఈ వీడియో చేసిందే దీనికోసం.

ఉదాహరణకు మూడు పుస్తకాలు, తొమ్మిది మంది. మొదటిది రామచంద్ర గుహ 'ఇండియా ఆఫ్టర్ గాంధీ', 2007లో వచ్చింది, 900 పేజీలకు అటూ ఇటూ. రెండోది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఆయన 1830లో బయల్దేరి, పెద్ద పరివారంతో కాశీకి వెళ్లి 1831లో తిరిగొచ్చారు, ఆ దినచర్య ఇది. మూడోది సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ మీద రాసిన 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్'.

చేతులెత్తమంటే? గుహకు నాలుగు, వీరాస్వామయ్యకు మూడు, ముఖర్జీకి రెండు. గుహ గెలిచారు. కానీ మిగతా ఐదుగురూ ఆ పుస్తకాన్ని చిట్టచివర పెట్టారు, చూడండి ఇక్కడ. వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో నిలబడి వచ్చేవాళ్లు ఒక చేత్తో పట్టుకోగల పుస్తకం కావాలంటారు, తప్పేముంది? తొమ్మిదిలో ఐదుగురు చదవకుండా వస్తే ఇక చర్చ ఏముంటుంది?

అందుకని వరుస అడుగుతాం. మొదట ఏది, తర్వాత ఏది, చివర ఏది. ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. కింద సమ్, అంటే కూడిక, పెడతాం, తక్కువ వచ్చినది గెలిచినట్టు. చాలా సులువు కదా? కాదు! ఇక్కడే పట్టిక మోసం చేస్తుంది. నెమ్మదిగా చూడండి.

గుహను కోరిన నలుగురూ రెండో స్థానం వీరాస్వామయ్యకు ఇచ్చారు. ముఖర్జీ గడిని ఖాళీగా వదిలేశారు. కింద కూడికలు చూడండి. గుహకు 19. వీరాస్వామయ్యకు 15. ముఖర్జీకి... 8! నలుగురు అసలు ముట్టుకోని పుస్తకం గెలిచింది. ఎందుకంటే ఖాళీ గడిని సమ్ సున్నాగా చూస్తుంది, ఇక్కడ సున్నా అంటే మొదటి స్థానం కన్నా మేలు. మా పట్టికలో ఇదే జరిగింది, గెలిచిన పుస్తకాన్ని చూసి ఎవరికి వాళ్లు "నేను వేయలేదే" అన్నారు.

సమ్ బదులు సగటు తీస్తే సరిపోతుందని మీకు తోచవచ్చు. యావరేజ్ పెడతాను, చూడండి. వీరాస్వామయ్యకు 1.67, ముఖర్జీకి 1.6. మళ్లీ అదే! సగటు ఖాళీ గడులను లెక్కలోకే తీసుకోదు. నచ్చినవాళ్ల అంకెలే మిగులుతాయి.

మందు ఒక్కటే. స్థానాలు కాదు, మార్కులు వేయించండి. మొదటి ఇష్టానికి 3, తర్వాతిదానికి 2, చివరిదానికి 1, ఎక్కువ వచ్చినది గెలుపు. అప్పుడు ఖాళీ అంటే నిజంగానే సున్నా. ఇప్పుడు కూడండి. గుహకు 17, వీరాస్వామయ్యకు 21, ముఖర్జీకి 12. కాశీయాత్ర! ఎవరినీ నొప్పించని పుస్తకం పైకి వచ్చింది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, 18వ శతాబ్దంలో బోర్దా అనే ఫ్రెంచి గణితవేత్త చెప్పినదే.

ఖాళీ గురించి ఇంకో మాట. ఇంట్లో జబ్బు చూసినవాళ్లు క్యాన్సర్ పుస్తకం ఇప్పుడు వద్దనుకోవచ్చు. అలాంటప్పుడు గడిలో "వద్దు" అని రాయమంటాం, ఎందుకని అడగం. ఒక్క "వద్దు" ఉన్నా ఆ పుస్తకం ఆ నెలకు పక్కన పెడతాం. అక్షరాలను సమ్ పట్టించుకోదు, లెక్క చెడదు. రెండు పుస్తకాలకు సమానంగా వస్తే పేజీలు తక్కువున్నది. దీని మీద వాదన లేదు.

గెలిచాక ప్రతులు. కాశీయాత్ర తెలుగు వికీసోర్సులో ఉంది, ఇంగ్లీషు అనువాదమూ వచ్చింది. అచ్చు పుస్తకాలకు నేనైతే చర్చి స్ట్రీటుకు వెళ్తాను, బ్లాసమ్, బుక్‌వర్మ్ రెండూ అక్కడే. ముందే ఫోను చేసి కనుక్కోండి, లేకపోతే కావాల్సినది తప్ప మిగతావన్నీ కొనుక్కొస్తారు. చర్చ తేదీ, ఎన్ని పేజీల వరకు చదవాలి, ఆ గడిలోని ప్రశ్న, ఈ మూడూ ఒకే సందేశంలో గుంపుకు పంపండి. ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన వీరాస్వామయ్య ఆ కంపెనీ పాలన గురించి రాసినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? మా ప్రశ్న ఇదే.

ఈ పట్టిక ఖాళీ నమూనా లింకు కింద ఇచ్చాను. ఫైల్‌లోకి వెళ్లి కాపీ చేసుకుని, మీ కాపీలోనే రాసుకోండి.