ఫైబర్‌గ్లాస్ ట్రైలరు మీది పైపై గీతలు: ఎంత తక్కువ రుద్దితే అంత మేలు

[దృశ్యం: సాయంత్రపు ఏటవాలు ఎండలో తెల్లని చిన్న ఫైబర్‌గ్లాస్ ట్రైలరు. కెమెరా పక్కగోడ పొడవునా మెల్లగా కదులుతుంది. మొదట ఏమీ కనబడదు. కోణం మారగానే సన్నని గీతలు వరుసగా బయటపడతాయి.]

నమస్కారం. టెక్సాస్ కొండప్రాంతపు స్టేట్ పార్కులకు బస చేసే ట్రైలరును బండి వెనుక తగిలించి లాక్కెళ్లేవాళ్లకు ఈ గీతలు కొత్త కాదు. ఇంక్స్ లేక్ వైపు వెళ్లినా, గార్నర్ వైపు వెళ్లినా ఇరుకు దారుల పక్కన మెస్కీటు, జూనిపర్, ఓక్ కొమ్మలు చాచుకుని ఉంటాయి. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి కొంచెం పక్కకు జరిగితే చాలు, కొమ్మలు గోడ పొడవునా గీసుకుంటూ పోతాయి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉంటూ సెలవులకు ట్రైలరు తీసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కనుక ఈ పని తెలుగులో వివరంగా చెప్పాలనిపించింది.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. గీతను పోగొట్టడమంటే దాని చుట్టూ ఉన్న పొరను గీత అడుగుదాకా అరగదీయడమే. అరిగిపోయిన పొర మళ్లీ రాదు. అందుకే ఈ వీడియోలో నేను పదే పదే ఆగమంటాను, తుడిచి చూడమంటాను.

[దృశ్యం: గీసిన బొమ్మ. అచ్చు లోపలి వైపు మొదట రంగు పొర, దాని వెనుక గాజు నార, రెసిన్ (ఆరి గట్టిపడే జిగురులాంటి పదార్థం). తర్వాత అచ్చు విడిపోతుంది.]

ఆ పొర పేరు జెల్‌కోట్. రంగు కలిపిన పాలియెస్టర్ రెసిన్ అది. ఈ ట్రైలరు తయారయ్యేది లోపలి నుంచి బయటికి కాదు, బయటి నుంచి లోపలికి. ముందుగా అచ్చుకు వ్యాక్స్ పూసి, దాని మీద జెల్‌కోట్ చల్లుతారు. అది కొంచెం గట్టిపడ్డాక వెనుక గాజు నారను రెసిన్‌తో కలిపి పరుస్తారు. అచ్చులోంచి తీసినప్పుడు మొదట చల్లినదే అన్నిటికంటే పైన కనబడుతుంది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో మొదలైన బోలర్ ట్రైలర్లను ఇలాగే రెండు పెద్ద చిప్పలుగా పోసి అతికించారు. ఆ తర్వాత వచ్చిన మిన్నెసోటా స్కాంప్, టెక్సాస్ కాసిటా కూడా ఆ కోవకు చెందినవే. విశాఖ, కాకినాడ తీరాల్లో మత్స్యకారులు నడిపే ఫైబర్ పడవలు కూడా గాజు నార, రెసిన్‌లతో అచ్చులో పోసినవే. పడవలకూ ఈ ట్రైలర్లకూ ఉన్న ఈ చుట్టరికం వల్ల మనకొక లాభం ఉంది. కార్ల దుకాణంలో కంటే పడవల సామాను అమ్మే దుకాణంలోనే ఈ పనికి తగిన సరుకు దొరుకుతుంది. డబ్బా మీద మెరైన్ అనీ, జెల్‌కోట్‌కు అనీ రాసి ఉన్న పాలిష్, అంతకంటే గరుకైన కాంపౌండ్ తీసుకోండి.

జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పై పూత మందం అందులో పదో వంతు వరకు మాత్రమే ఉంటుంది. అందుకే కారు మీద చేయడానికి భయపడే పనిని ఇక్కడ కొంత ధైర్యంగా చేయవచ్చు. అయితే మూలల దగ్గర, వంపు తిరిగిన అంచుల దగ్గర పొర పలచగా ఉండే అవకాశం ఎక్కువ. యంత్రం కూడా అక్కడే ఎక్కువగా కొరుకుతుంది.

[దృశ్యం: రెండు ట్రైలర్లు పక్కపక్కన. ఒకటి గుడ్డు ఆకారంలో, అతుకు నడుము చుట్టూ. రెండోది చదునైన గోడలతో, పెద్ద రంగుల స్టిక్కర్లతో.]

ఇక్కడ జాగ్రత్త పడాలి. ఫైబర్‌గ్లాస్ అని అమ్మే ప్రతి ట్రైలరూ ఇలా అచ్చులో పోసినది కాదు. చదునైన గోడలున్న పెద్ద ట్రైలర్లలో చాలావాటికి నురుగు పలకల మీద పలుచని ఫైబర్‌గ్లాస్ రేకు అతికించి ఉంటుంది. దాని మీది జెల్‌కోట్ బాగా పలచన. కొన్నిటికి పైన కారుకు వేసినట్టే రంగు, పారదర్శక పూత వేస్తారు. రంగు ట్రైలరయితే తెలుసుకోవడం సులువు. ఎవరికీ కనబడని చోట తెల్లని గుడ్డతో కొద్దిగా కాంపౌండ్ రుద్దండి. గుడ్డకు ట్రైలరు రంగు అంటితే పైన పారదర్శక పూత లేదన్నమాట. తెల్లని ట్రైలరుకు ఈ పరీక్ష పనికిరాదు, కాంపౌండే తెల్లగా ఉంటుంది. తయారీదారు ఇచ్చిన పుస్తకం చూడండి, లేదా వాళ్లనే అడగండి. పలుచని రేకు అయినా, పైపూత ఉన్నదయినా పాలిష్ దగ్గరే ఆగిపోండి. తర్వాత నేను చూపించబోయే వాటర్ పేపర్ పని, అంటే తడి గరుకు కాగితంతో రుద్దడం, వాటికి వద్దు. అద్దెకు తెచ్చిన ట్రైలరయితే అసలు చేయే పెట్టవద్దు. ఫొటోలు తీసి యజమానికి చెప్పండి.

[దృశ్యం: బకెట్, మెత్తని స్పాంజి, హోస్ పైపు. నీడలో నిలిపిన ట్రైలరు.]

మొదటి పని కడగడం. దుమ్ము ఉన్న గోడను రుద్దితే ఆ ఇసుకే కొత్త గీతలు పెడుతుంది. బండిని నీడలో నిలపండి, గోడ చేతికి చల్లగా తగలాలి. పైనుంచి కిందికి నీళ్లు పట్టి సబ్బు నీళ్లతో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి గీత ఉన్న చోట తుడవండి. ఈ ఒక్క తుడుపుతో పోయే గీతలు ఎన్నో ఉంటాయి. తెల్లని గోడ మీద నల్లగా కనిపించేవి తరచుగా గీతలే కావు. కొమ్మ బెరడు రసమో, రబ్బరు రాపిడో, మరో బండి రంగో అంటుకుని ఉంటుంది. వంటింట్లో మరకలకు వాడే తెల్లని మెలమైన్ స్పాంజి మాత్రం తెచ్చుకోవద్దు. మెత్తగా కనబడుతుంది గానీ అది కూడా అరగదీసేదే, మెరుపును చంపేస్తుంది.

[దృశ్యం: దగ్గరగా, ఒక గీత మీద వేలితో నీటి చుక్క. గీత మాయమవుతుంది. నీరు ఆరగానే తిరిగి కనబడుతుంది.]

ఈ దృశ్యం నాకు చాలా ఇష్టం, కాసేపు చూడండి. గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోతుంది, అందుకే గీత కంటికి తెలుస్తుంది. నీరు ఆ పల్లాన్ని నింపగానే చెదరడం తగ్గుతుంది. తడిపినప్పుడు గీత పూర్తిగా మాయమైతే అది పైపైదే, పాలిష్‌కో కాంపౌండ్‌కో లొంగుతుంది. తడిలోనూ మసకగా కనబడితే కొంచెం లోతైనది. ఇప్పుడు గోరును గీతకు అడ్డంగా లాగండి. గోరు జారిపోతే మన చేతిలో పనే. గోరు పట్టుకుంటే దాన్ని అరగదీసి పోగొట్టాలని చూడవద్దు. దానికి జెల్‌కోట్ పేస్టుతో పూడ్చే వేరే పద్ధతి ఉంది. స్క్రూల చుట్టూ, కిటికీ మూలల్లో నక్షత్రంలా చీలిన సన్నని పగుళ్లు కనబడితే అవి గీతలు కావు. అక్కడ గోడ వంగి పొర చిట్లింది. ఎంత పాలిష్ చేసినా పోవు.

[దృశ్యం: స్టిక్కర్ల అంచులకు, రివెట్ల టోపీలకు, కిటికీ రబ్బరుకు మాస్కింగ్ టేప్ వేస్తున్న చేతులు.]

టేప్ వేయడానికి బద్ధకించవద్దు. స్టిక్కరు అంచుకు ప్యాడ్ తగిలితే లేచిపోతుంది. రివెట్ల మీది ప్లాస్టిక్ టోపీలు ఊడిపోతాయి. కాంపౌండ్ ఎండి రబ్బరులో ఇరుక్కుంటే తెల్లగా అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు పని. మొదట అన్నిటికంటే మెత్తనిదాన్నే వాడండి. చేతి ప్యాడ్ మీద కొద్దిగా పాలిష్ వేసి అరచేయంత మేర రుద్ది, తుడిచి చూడండి. చాలకపోతేనే కాంపౌండ్. గీతలు కొద్దిగా ఉంటే చేయి చాలు, గోడంతా ఉంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. ఇది తిరుగుతూనే ఊగుతుంది కనుక ఒకే చోట వేడి పుట్టించదు. ఊగకుండా గిరగిరా తిరగడం మాత్రమే చేసే రోటరీ యంత్రానికి ఉన్ని ప్యాడ్ వేస్తే పని వేగంగా అవుతుంది. అయితే అలవాటు లేని చేతిలో, అంచు మీద, క్షణాల్లో పొర కాలిపోతుంది. కొత్తవాళ్లకు రోటరీ వద్దని గట్టిగా చెబుతాను.

[దృశ్యం: ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు. యంత్రాన్ని గోడకు ఆనించాకే మీట నొక్కుతారు.]

నాలుగైదు చుక్కలు చాలు. రెండడుగుల చదరాన్ని మాత్రమే పట్టుకోండి. ప్యాడ్‌ను గోడకు ఆనించి ఆ చుక్కలను పరిచాకే యంత్రం నడపండి, లేదంటే చుక్కలు మొహాన చిందుతాయి. వేగం మధ్యస్థం. చేయి నెమ్మదిగా, ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పాలి. కాంపౌండ్ ఆరిపోకముందే ఆపి తుడవండి. తర్వాత ఆల్కహాల్ నీళ్లతో మరోసారి తుడవండి. ఇది తప్పనిసరి. కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతను నింపి పోయినట్టు చూపిస్తాయి. నూనె పోయాక కనబడేదే నిజం. టార్చిలైటును గోడకు పక్కవాటుగా పట్టి చూడండి.

[దృశ్యం: నీటి గిన్నెలో నానుతున్న వాటర్ పేపర్ ముక్కలు. మెత్తని ఫోమ్ దిమ్మకు చుట్టిన 2000 నంబరు పేపర్.]

గోరు జారుతున్నా కాంపౌండ్‌కు లొంగని గీతలు కొన్ని మిగులుతాయి. వాటికే వాటర్ పేపర్. సబ్బు చుక్క వేసిన నీళ్లలో పేపర్ నానబెట్టండి. నంబరు పెద్దదయ్యేకొద్దీ పేపర్ మెత్తన. మొదట 2000 నంబరు. చాలకపోతే 1500. అదీ చాలకపోతే 1000, అంతకంటే కిందికి దిగవద్దు. పేపర్‌ను మెత్తని దిమ్మకు చుట్టండి. వేళ్లతో నొక్కితే వేలి ఒత్తిడి పడిన చోటల్లా గుంట పడుతుంది. గీత మీద ఎప్పుడూ నీరు పారుతూ ఉండాలి. చేయి ఒకే దిశలో ఆడించండి. కిందికి దిగితే మళ్లీ మెత్తని పేపర్ దాకా ఒక్కో నంబరుగా పైకి రావాలి: 1000తో అడ్డంగా రుద్దితే 1500తో నిలువుగా, 2000తో మళ్లీ అడ్డంగా. అలా చేస్తే పాత పేపరు గీతలు ఇంకా మిగిలాయో లేదో తేలిగ్గా తెలుస్తుంది. మిగిలి ఉండగా తర్వాతి నంబరుకు వెళితే అవి కాంపౌండ్ దగ్గర బయటపడతాయి, అప్పుడు మళ్లీ వెనక్కు రావాలి.

తెల్లని బండి మీద నీరు పాలలా కారుతుంది. అది అరుగుతున్న జెల్‌కోట్, భయపడకండి. అయితే ఆ పాల మధ్య రంగు మారిన మచ్చ గానీ, గాజు నార అల్లిక గానీ కనబడితే వెంటనే ఆపండి. అక్కడ పొర అయిపోయింది, మళ్లీ జెల్‌కోట్ వేయాల్సిందే. ఆ స్థితి రాకుండా కొన్ని చేతులు రుద్దగానే తుడిచి, ఆరనిచ్చి, చూడండి. పేపర్ పని ఎప్పుడూ తడిగానే చేయండి, పొడి దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. ఆరిన దుమ్ము తుడిచేటప్పుడు కూడా మాస్కు పెట్టుకోండి.

పేపర్ పట్టిన చోటు మసకబారి ఉంటుంది. దాని మీద కాంపౌండ్, తర్వాత పాలిష్ వేయాలి. మెరుపు మెల్లగా తిరిగి వస్తుంది. అద్దంలా మెరవాలని మాత్రం పట్టు పట్టవద్దు. పాత ట్రైలరు మీద ఒక్క చోటే కొత్తగా మెరిస్తే చుట్టూ ఉన్న గోడ వెలిసినట్టు కనబడుతుంది. ఆరడుగుల దూరం నుంచి గీత తెలియకపోతే నా లెక్కలో పని అయినట్టే. కొద్దిపాటి పొరను వచ్చే ఏడాది కోసం మిగల్చండి.

[దృశ్యం: పలుచగా వ్యాక్స్ పూస్తున్న చేయి.]

చివరగా వ్యాక్స్. చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం అయినా సరే, కృత్రిమంగా చేసే పాలిమర్ సీలెంట్ అయినా సరే. రుద్దిన చోటును పూతలేకుండా వదిలితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెసిన్‌ను సుద్దలా పొడిబారుస్తాయి. టెక్సాస్ ఎండ సంగతి మీకు తెలిసిందే. పలుచగా పూసి, మసకబారగానే తుడిచేయండి. ఏడాదికి రెండుసార్లు గోడంతా వేస్తే మంచిది. నేల మెరుపు కోసం అమ్మే ఫ్లోర్ పాలిష్‌ను పూసేవాళ్లూ ఉన్నారు. మొదట్లో బాగుంటుంది, తర్వాత పసుపుబారి పొరలుగా లేస్తుంది. నేనయితే ముట్టుకోను.

బండిని ఆరుబయట నిలిపి గుడ్డ కవరు కప్పేవాళ్లు ఒకటి గమనించండి. కవరు వదులుగా ఉంటే గాలికి ఊగుతూ, కింద పేరుకున్న దుమ్ముతో కలిసి గోడను రోజూ రుద్దుతుంది. కడిగి, పూర్తిగా ఆరాకే కప్పండి. గాలి ఆడే గుడ్డనే తీసుకుని, పట్టీలను బిగించి కట్టండి. మూలలు తగిలే చోట గుడ్డ లోపలి వైపు మెత్తని గుడ్డముక్క కుట్టించండి.